నిండు శాఖ

పోస్టమ్మ చేసింది తప్పా ఒప్పా అని ఎవరైనా నిలదీస్తే, తప్పే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కాకపోతే ఆమె స్థానంలో ఉండి కూడా ఆ తప్పు చెయ్యకుండా ఉండగలిగే మనిషిని నేనైతే ఇంటికి పిలిచి టీ కూడా ఇవ్వను.

బతుకంతా తపాలా ఆఫీసు కౌంటరు వెనక స్టాంపులమ్మిన మనిషి కనుక ఊరందరికీ ఆమె పోస్టమ్మే. రిటైరై ఎన్నాళ్ళైనా ఆ పేరు వదల్లేదు. ఇప్పుడామె చేసే పని వేరు. తోడెవరూ లేకుండా ఆసుపత్రిలో పడున్నవాళ్ళ పక్కన కూర్చోవడం. నీళ్ళందించడం, కబుర్లు చెప్పడం, నొప్పెక్కువైతే సిస్టర్ని పిలవడం, ఏమీ చెయ్యడానికి లేకపోతే ఊరికే చెయ్యి పట్టుకుని ఉండడం. ఈ పనికో సంఘం కూడా ఉంది. పక్కకుర్చీ సంఘం అంటారు. కేంద్ర కార్యాలయం ఎక్కడో మహానగరంలో ఉంటుంది, శాఖలు చిన్నా పెద్దా ఊళ్ళన్నిట్లోనూ ఉంటాయి.

శాఖలన్నీ ఒక్కటి కావు. ముగ్గురు సభ్యులుండి, ఆ ముగ్గురూ బయటివాళ్ళ పక్కన కూర్చుంటూ ఉంటే అది నిండు శాఖ. ముగ్గురికి ఒక్కరు తగ్గినా, కూర్చోవడం మానేసినా మొలక శాఖ. నెలనెలా కలవడం కూడా మానేస్తే నిద్ర శాఖ. వినడానికి చంటిపిల్లల బడిలో తరగతుల్లా ఉంటాయి గానీ తేడా మాత్రం చిన్నది కాదు. నిండు శాఖ వాళ్ళకే ఆసుపత్రి పచ్చకార్డు ఇస్తుంది. మెడలో పచ్చకార్డు వేలాడుతుంటే ఏ వేళకైనా వార్డులోకి వెళ్ళొచ్చు. అది లేనివాళ్ళకు సాయంత్రం ఒక్క గంట, అదీ గార్డు గడియారం చూసుకుంటూ తరిమే గంట. రక్తసంబంధం ఉన్నవాళ్ళైతే ఒకరు రాత్రీపగలూ ఉండొచ్చు. స్నేహితులకు ఆ సదుపాయం లేదు. స్నేహం కూడా ఒక చుట్టరికమేనని ఆసుపత్రులకు ఎవరు చెప్పాలి!

ఇంకో రూలుంది. అసలు తిరకాసంతా దానితోనే. సభ్యుల పక్కన సభ్యులు కూర్చుంటే అది సేవ కింద రాదు. మనవాళ్ళ దగ్గర మనం ఉండడం బాధ్యత, దానికి కార్డెందుకంటారు కేంద్రం వాళ్ళు.

ఈ ఊరి శాఖలో ముగ్గురంటే ముగ్గురే. పోస్టమ్మ, చరిత్ర చెప్పి రిటైరైన మేష్టారు, టైలరమ్మ. శాఖకు అధ్యక్షురాలు టైలరమ్మ. ఆసుపత్రి తెరలన్నీ కుట్టింది ఆవిడే, శాఖ సమావేశాలు జరిగేది ఆవిడ కుట్టుమిషన్ల కొట్టు వెనక గదిలోనే. పెళ్ళి చేసుకోలేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా నోరు. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి టైలరమ్మ ఇప్పుడు తనే వార్డులో మంచమెక్కింది. గుండె నీరసించింది, కాళ్ళు వాచాయి. ఇంటికి పంపే మాట ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. అలా అన్నప్పుడు ఆయన పోస్టమ్మ కళ్ళలోకి చూడలేదు.

అన్నిటికన్నా తెల్లవారుజామే కష్టంగా ఉంటోంది. కిటికీ బయట ఇంకా మసకగా ఉండగానే టైలరమ్మకు ఊపిరందక మెలకువొచ్చేస్తుంది. లేచి కూర్చుని, రెండు చేతులతో దుప్పటి పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటుంది. ఊరంతటినీ మాటలతో ఆడించిన మనిషి అప్పుడు చంటిపిల్లలా భయపడుతుంది. పోస్టమ్మ చెయ్యి దొరికితే మాత్రం కాసేపటికి సర్దుకుంటుంది. మందు కూడా అంత త్వరగా పని చెయ్యదని సిస్టరే అంది.

కేంద్రం నుంచి ఫోనొచ్చిన రోజు పోస్టమ్మ వార్డు బయట వరండాలో ఉంది. మీ శాఖ తనిఖీకి వస్తున్నామండీ, ఈ మధ్య ఎవరెవరి పక్కన కూర్చున్నారు, అని అడిగింది ఒక పడుచు గొంతు. పోస్టమ్మ లెక్క చూసుకుంది. ఈ చలికాలమంతా తనూ మేష్టారూ వంతులేసుకుని కూర్చున్నది ఒక్క టైలరమ్మ దగ్గరే. మిగతా వార్డు ఇద్దరి కంటికీ ఆనలేదు. టైలరమ్మ సభ్యురాలు కనుక ఈ కూర్చున్నదంతా లెక్కలోకి రాదు. నిండు శాఖ మొలకైపోతుంది, కార్డులు పోతాయి. రేపటి నుంచి తెల్లవారుజామున తను గేటు బయటుంటుంది, తను అక్కా అని పిలుచుకునే మనిషి గేటు లోపలుంటుంది.

"టైలరమ్మగారు మానేశారండీ. ఇప్పుడావిడ మాకు పేషెంటు. ఆవిడ బదులు మా మరిది చేరాడు. ముగ్గురం ఉన్నాం," అనేసింది. అని, ఫోను పెట్టేసి, వరండా బల్ల మీద కూలబడింది. కౌంటరు మీద ఒక్క పైసా అటూ ఇటూ కానివ్వని మనిషి ఆడిన అబద్ధం మరి.

విషయం విని మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పు కదమ్మా," అన్నారు.

"తప్పే మేష్టారూ. కార్డు పోతే తెల్లారేసరికి ఆవిడ దగ్గర ఎవరుంటారు? మీరుంటారా?"

"నా కార్డు కూడా పోతుంది కదా."

"నేననేదీ అదే."

టైలరమ్మకు మాత్రం చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. చెబితే ఇంకేమన్నా ఉందా? ఆక్సిజను గొట్టం ముక్కుకి పెట్టుకుని కూడా "ఈ నెల సమావేశం ఎప్పుడే?" అని అడిగే మనిషాయె.

ఇక మరిది సంగతి. పోస్టమ్మ భర్తకు తమ్ముడు, ఆమె ఇంట్లోనే పైవాటాలో ఉంటాడు. ముప్పాతిక జీవితం రాత్రిపూట లారీలు తోలి, అప్పుడు పోగొట్టుకున్న నిద్రంతా ఇప్పుడు వసూలు చేసుకుంటున్నాడు. వెన్నుకి ఏదైనా ఆనిందంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి. తనిఖీ ముందురోజు పోస్టమ్మ అతన్ని వంటగదిలో నిలబెట్టి పాఠం చెప్పింది.

"పేషెంటు భయపడితే ఏం చెయ్యాలి?"

"హారన్ కొట్టాలా వదినా?"

"నా తలకాయ కొట్టాలి. చెయ్యి పట్టుకోవాలి. నెమ్మదిగా మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి. నువ్వు తిరిగిన ఊళ్ళ గురించి చెప్పు."

"రాత్రిపూట తిరిగాను కదా వదినా. ఊళ్ళేవీ కనపళ్ళేదు."

పోస్టమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు తనిఖీకి వచ్చినమ్మాయి చూడ్డానికి బక్కపల్చగా, నెమ్మదిగా ఉంది. చక్రాల పెట్టె గుమ్మం బయటే ఉంచి, చెప్పులు తుడుచుకుని లోపలికొచ్చింది. కొట్టు వెనక గదిలో మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. గోడకు టేపులు వేలాడుతున్నాయి. నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ పిల్ల ఎవరి మీదా గొంతు పెంచలేదు, అడగాల్సింది మాత్రం ఒక్కటీ వదల్లేదు. మేష్టారిని అడిగింది, పోస్టమ్మను అడిగింది, చివరికి మరిది వైపు తిరిగింది.

"మీరు కొత్తగా చేరారట కదండీ. ఎవరి పక్కనైనా కూర్చున్నారా?"

"చాలామంది పక్కన కూర్చున్నానమ్మా. అందరూ క్లీనర్లే," అన్నాడు మరిది.

పోస్టమ్మ బల్ల కింద అతని కాలు తొక్కింది. అతను ఉలిక్కిపడి, వెనక్కి జరిగి, కుర్చీకి ఆనుకున్నాడు. అదే పొరపాటైంది.

"మరి పక్కన కూర్చున్నప్పుడు నిద్ర ఆపుకోవడం ఎలాగండీ? కొత్తవాళ్ళందరూ అడుగుతుంటారు," అంది తనిఖీ అమ్మాయి.

జవాబుగా గుర్రు వినిపించింది. సన్నగా కాదు, లారీ ఎత్తెక్కుతున్నట్టు. మేష్టారు పైకప్పు వైపు చూశారు. పోస్టమ్మ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీ గ్లాసులో పెట్టుకుంది. ఆ పిల్ల పెదవులు కొంచెం వంకర తిరిగాయి, నవ్వు ఆపుకుందో చిరాకు ఆపుకుందో తెలియలేదు. "పాపం, పడుకోనివ్వండి. మనం ఒకసారి వార్డుకి వెళ్దాం," అని లేచింది.

ఆసుపత్రి చిన్నది, ఆడవాళ్ళకు ఒకటే వార్డు. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య టైలరమ్మ చేత్తో కుట్టిన నీలం తెరలు. ఆవిడ మంచం కిటికీ దగ్గర చివరిది. అక్కకు విశ్రాంతి కావాలని రోజూ ఆ తెర బిగించి లాగేది పోస్టమ్మే. ఇవాళ అది బార్లా తీసి ఉంది. టైలరమ్మ పక్కకు తిరిగి పడుకుని, పక్క మంచం మీదున్నావిడకు ఏదో చెబుతోంది. ఆ పక్కావిడ పిల్లల హాస్టల్లో వంట చేసే మనిషి. పొయ్యి మీద గిన్నె మూత పేలి వేడి ఆవిరి మొహం మీద కొడితే రెండు కళ్ళకూ కట్లు కట్టారు. ఆమె కోసం వచ్చినవాళ్ళని ఎవరూ చూడలేదు.

"అదిగో వస్తున్నారు," అంటోంది టైలరమ్మ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ముందు ఒక అమ్మాయి. కొత్త చెప్పులు కాబోలు, కరుస్తున్నట్టున్నాయి, కుంటుతోంది. వెనక మా మేష్టారు, జేబులో ఎప్పటిలాగే పెన్ను లీకైంది. ఆ వెనక మా పోస్టమ్మ. దాని మొహం చూడాలి నువ్వు. ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టుంది."

వంటావిడ కట్ల కింద నోరంతా తెరిచి నవ్వింది. పోస్టమ్మ మాత్రం మేష్టారి వెనక్కి జరిగింది.

"టైలరమ్మగారు మీరేనా అండీ?" అంది తనిఖీ అమ్మాయి.

"నేనే తల్లీ. శాఖ అధ్యక్షురాలిని. లేచి మర్యాద చెయ్యలేకపోతున్నాను, ఏమీ అనుకోకు. సమావేశం నా మంచం దగ్గర పెడతారేమోనని పొద్దున్నే తల దువ్వించుకున్నాను."

ఆ పిల్ల చేతిలో ఫోను చూసుకుంది. దాచాలని గానీ చెప్పాలని గానీ లేదు, చదివింది అంతే. "ఇందులో మీరు సభ్యత్వం మానేసినట్టుందండీ. పేషెంటుగా రాసి ఉంది."

టైలరమ్మ తల మెల్లగా పోస్టమ్మ వైపు తిరిగింది.

"ఏమే పిల్లా?"

పోస్టమ్మకు అరవై దాటాయి, టైలరమ్మ నోట్లో మాత్రం ఎప్పుడూ పిల్లే. పోస్టమ్మ నేల చూసింది.

"నన్ను తీసేశావా?"

"అక్కా, నా మాట విను."

"నేనడిగినదానికి చెప్పు."

"తీసేశాను."

టైలరమ్మ కోప్పడుతుందనుకున్నారు అందరూ. కోప్పడితే బాగుండేది. ఆవిడ గొంతు ఇంకా చిన్నదైంది. "ఈ మంచమెక్కాక ఒక్కొక్కటే పోయాయే. కత్తెర పోయింది. మిషను పోయింది. రెండు మెట్లెక్కే ఓపిక పోయింది. ఈ ఊళ్ళో నేను ఫలానా అని చెప్పుకోడానికి శాఖ ఒక్కటి మిగిలింది. అదీ లాగేశారంటే, ఎవరో కాదు, నువ్వే లాగేశావు."

"ఏం చెయ్యమంటావు మరి!" పోస్టమ్మ గొంతు వార్డంతా వినబడింది. "నువ్వు సభ్యురాలివైతే నీ దగ్గర కూర్చున్నది లెక్కకి రాదు, శాఖ పోతుంది, కార్డు పోతుంది. తెల్లవారుజామున నువ్వు దుప్పటి పట్టుకుని గాలి కోసం వెతుక్కుంటుంటే నేను గేటు బయట నిలబడి ఏం చెయ్యను? నాకు శాఖొద్దు, అధ్యక్షులొద్దు, ఎవరూ వద్దు. నాకు నువ్వు కావాలి. నేను లేనప్పుడు నువ్వెక్కడ పోతావోనని నాకు భయమే అక్కా." అంటూ అంటూనే ఏడ్చేసింది. కొంగూ రుమాలూ ఏమీ దొరక్క, చేతికందిన తెరతోనే కళ్ళు తుడుచుకుంది.

టైలరమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుంది.

తనిఖీ అమ్మాయి మేష్టారు జరిపిన స్టూలు మీద కూర్చుంది. "నన్ను తిట్టుకుంటారని తెలుసు," అంది మెల్లగా. "ఆ రూలు ఎందుకొచ్చిందో చెబుతాను. ఒక ఊళ్ళో మాకు మంచి శాఖ ఉండేది. అందరూ ప్రాణస్నేహితులు. వాళ్ళలో ఒకరికి జబ్బు చేస్తే మిగతావాళ్ళంతా అక్కడే ఉండిపోయారు. అదే వార్డులో, అదే వరసలో, ఒక పెద్దాయన ఒక్కడే పడుండి, ఒక్కడే పోయాడు. పచ్చకార్డులు వేసుకున్నవాళ్ళు ఆయన మంచం పక్క నుంచే రోజూ నడిచి వెళ్ళారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదండీ. వాళ్ళకి ఆయన కనపడలేదు."

పోస్టమ్మ చేతిలో తెర అంచు అలాగే ఉంది. ఆ తెర తనెందుకు లాగేదో, దాని అవతల ఎవరున్నారో ఇప్పుడు తట్టింది. కళ్ళకు కట్లున్న మనిషికి వినబడే నాలుగు మాటలు కూడా తను రోజూ లాగి మూసేసింది. పైగా ఒకటి రెండుసార్లు, కాస్త నెమ్మదిగా మాట్లాడండమ్మా, మా అక్క పడుకుంది, అని విసుక్కుంది కూడా.

"అయితే ఆవిడ మానేసిందని ఎవరన్నారు?"

మాట్లాడింది వంటావిడ. కట్లున్న మొహాన్ని గొంతులు వినవచ్చిన వైపు తిప్పింది. "నేను ఇక్కడికొచ్చినప్పుడు పగలేదో రాత్రేదో తెలిసేది కాదు. ఎవరో నడిచినా భయమే, గిన్నె పడినా భయమే. ఈవిడే పలకరించింది. ఇదిగో సిస్టరొస్తోంది, సూది చేతిలో లేదు, భయపడకు అని. ఇదిగో ఎండొచ్చింది, నీ కాళ్ళ మీద పడింది అని. తెర మూసినప్పుడు కూడా దాని వెనక నుంచే గుసగుసగా చెప్పేది. పేషెంటట పేషెంటు! నా పక్కన ఎవరైనా కూర్చున్నారా అంటే ఈవిడే. పడుకుని కూర్చుంది, అంతే తేడా."

తనిఖీ అమ్మాయి వంటావిడ వైపు, కిటికీ వైపు తిరిగున్న టైలరమ్మ వీపు వైపు మార్చి మార్చి చూసింది.

"సభ్యులకు ఒంట్లో బాగుండాలని ఎక్కడా లేదు," అంది చివరికి. "ఇది సేవే. దీన్ని నేను లెక్కలోకి తీసుకుంటాను. కానీ ఒకరే రెండు కాలేరండీ. పేషెంటుగా ఉంటే శాఖలో మీరిద్దరే మిగులుతారు, లారీ ఆయన్ని నేను లెక్కపెట్టలేను. అప్పుడు మొలక శాఖే, కార్డులుండవు. సభ్యురాలిగా ఉంటే ముగ్గురున్నారు. మీరిద్దరూ ఇవాళ్టి నుంచి బయటివాళ్ళ పక్కన కూర్చుంటానంటే నిండు శాఖగానే ఉంచుతాను. కాకపోతే ఆ కార్డు మీద ఈవిడ దగ్గర కూర్చునే వీల్లేదు."

"ఎటు తిరిగినా అక్క దగ్గర నేనుండకూడదన్న మాట," అంది పోస్టమ్మ.

ఆ పిల్ల తల దించుకుంది. "నేను చెయ్యగలిగింది ఇంతేనండీ."

అప్పుడు కిటికీ వైపు నుంచి మాట వచ్చింది. "సభ్యురాలిగానే రాసుకో అమ్మా."

"అక్కా, వద్దే!"

"నువ్వు ఊరుకో." టైలరమ్మ ఇటు తిరగలేదు. ఊపిరి కూడదీసుకుని, ఒక్కో ముక్కా చెప్పింది. "తెల్లారుతుండగా నాకు ఊపిరందనప్పుడు నా నోరు ఆగిపోతుంది. నేనెందుకు ఆగిపోయానో ఈ వంటావిడకి కనపడదు. ఆ వేళకి నాకెంత భయమో ఈవిడకీ అంత భయమే. బతికున్నానో లేదోనని చేత్తో గాల్లో తడుముతుంది, నేను చూశాను. ఆ వేళకి ఈవిడకో మనిషి కావాలి. ఈవిడ సభ్యురాలు కాదు, మాకు చుట్టమూ కాదు. అధ్యక్షురాలిగా చెబుతున్నాను. ఆ వేళ డ్యూటీ పోస్టమ్మది. మధ్యాహ్నాలు మేష్టారు ఆ చివర తుంటి విరిగిన ముసలామె దగ్గర కూర్చుంటారు. రాసుకో."

తనిఖీ అమ్మాయి రాసుకుంది. వెళ్ళేముందు టైలరమ్మ మంచం చివర ఒక్క క్షణం ఆగి, దుప్పటి మీద నుంచే ఆవిడ పాదం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా టైలరమ్మ పోస్టమ్మతో పలకలేదు. మంచినీళ్ళిస్తే తాగింది, దిండు సర్దితే సర్దించుకుంది, మాట మాత్రం లేదు. ఆ కార్డు ఇక అక్క దగ్గర చెల్లదు కనుక, సందర్శకుల గంట అయిపోయిందని గార్డు కేకేస్తే పోస్టమ్మ లేచింది. శాఖ నిలబడింది, కార్డు మెడలోనే ఉంది. అయినా ఆమెకు పుట్టి మునిగినట్టే ఉంది. ఇంటికెళ్ళి మరిదికి అన్నం పెడితే, "నేను బాగానే చెప్పాను కదా వదినా?" అని అడిగాడు. ఇన్ని జరిగినా ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున ఆమె వార్డులోకి వచ్చేసరికి దీపాలు సగమే వెలుగుతున్నాయి. తెర తీసే ఉంది. టైలరమ్మ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోతోందో నటిస్తోందో ఆవిడకే తెలియాలి. పోస్టమ్మ రెండు మంచాల మధ్య స్టూలు వేసి, మొహం వంటావిడ వైపు పెట్టి కూర్చుంది. నేను వచ్చానమ్మా, పోస్టమ్మని, అని చెప్పి ఆమె చెయ్యి అందుకుంది. కూర్చోవడం కొత్త కాదు గానీ అక్కకు వీపు పెట్టి కూర్చోవడం కొత్త. వీపంతా చెవులు చేసుకుని కూర్చుంది.

ఎంతో సేపు కాలేదు. వెనక మంచం కిర్రుమంది. దుప్పటి గుంజుకున్న చప్పుడు, ఆ తర్వాత గాలి కోసం వెతుక్కునే ఆ శబ్దం.

పోస్టమ్మ తిరగబోయింది. వంటావిడ చెయ్యి ఆమె చేతిని బిగించి పట్టుకుంది. "ఏమైంది? పక్కావిడకి ఏమైంది?"

డ్యూటీ వంటావిడ దగ్గర. పోస్టమ్మ ఒక చేత్తో ఆమెను అలాగే పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాచింది. చూడకుండానే చాచి, మంచం అంచు మీద అరచెయ్యి తెరిచి పెట్టింది. పట్టుకోవడానికి ఏ చెయ్యీ రాలేదు. అక్క ఇంకా కోపంగానే ఉందేమో. చెయ్యి అలాగే ఉంచింది.

"ఏమీ కాలేదమ్మా, భయపడకు. ఊపిరందక లేచి కూర్చుంది. రోజూ వచ్చేదే. కాసేపట్లో సర్దుకుంటుంది."

"ఆవిడ ఎలా ఉంటుంది?" అని అడిగింది వంటావిడ. "వార్డంతా నాకు చూపించింది. సిస్టర్ల మొహాలు చూపించింది, ఆ మూల గోడ మీద మరక కూడా చూపించింది. తనెలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. నువ్వు చెప్పు."

పోస్టమ్మ మొదలుపెట్టింది.

"జుట్టంతా తెల్లగా అయింది. తల ఎంత దువ్వినా చెవి దగ్గర ఒక పాయ పైకి లేచే ఉంటుంది. ముక్కు కాస్త పొడుగు, నలుగురి విషయాల్లో దూర్చాలి కదా. వేళ్ళ చివర్లు గరుకుగా ఉంటాయి, సూదులు గుచ్చుకుని గుచ్చుకుని." వెనక ఊపిరి ఇంకా ఎగరోజుతూనే ఉంది. పోస్టమ్మ ఆపలేదు. "మా ఆయన చనిపోయిన ఏడాదే నాకు పెద్ద ఆపరేషనైంది. మరిది లారీతో ఎక్కడో ఉన్నాడు. ఈ వార్డులోనే పడున్నాను. పక్కన పురుగు కూడా లేదు. ఈవిడ తెరలు తగిలించడానికొచ్చింది. స్టూలెక్కి తగిలిస్తూ, ఏడుస్తున్నావేంటమ్మాయ్ అని పైనుంచే అడిగింది. నేను ఏడవట్లేదండీ అన్నాను. అయితే సరే, ఏడవకుండా ఉన్నదాని పక్కన కాసేపు కూర్చుంటాను అని దిగింది. మిగతా తెరలు ఆ రోజు ఎక్కనేలేదు. ఆసుపత్రి వాళ్ళు పిలిచి చీవాట్లు పెట్టినా కదల్లేదు. అప్పటికి సంఘమూ తెలియదు, శాఖా తెలియదు మాకు. ఇంటికెళ్ళాక కూడా వదల్లేదు, రోజూ వచ్చి తిట్టి అన్నం తినిపించేది. అమ్మా, నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఈవిడ ఉంది కనుక ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. నిన్న నేను ఆవిడ మనసు విరిచేశాను. చెయ్యకూడనిది చేశాను. మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను, అది వేరే సంగతి. చాలా అందంగా ఉంటుందమ్మా. అంత అందమైన మనిషిని నేను చూడలేదు."

మంచం అంచు మీద తెరిచి ఉంచిన అరచేతిలోకి గరుకు వేళ్ళు వచ్చి పడ్డాయి. పట్టు గట్టిగా ఉంది, నొప్పి పుట్టేంత గట్టిగా. పోస్టమ్మ వెనక్కి తిరగలేదు. ఊపిరి ఎగరోజడం మెల్లగా తగ్గుతూ వచ్చింది. కిటికీ బయట చీకటి పల్చబడింది.

"పిల్లా," అంది వెనక నుంచి టైలరమ్మ, మాట ఇంకా పూర్తిగా రాకుండానే. "ఇంత వాగావు. అసలుది వదిలేశావు."

"ఏంటే అక్కా?"

"అధ్యక్షురాలినని చెప్పు."

పోస్టమ్మ వంటావిడ వైపే మొహం పెట్టి, రెండు చేతుల్లో రెండు చేతులూ అలాగే ఉంచుకుని, కళ్ళ నుంచి కారేది తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేక, చెప్పింది. "ఆవిడ మా శాఖకి అధ్యక్షురాలమ్మా."